ఐరోపా నగరాల్లో స్టెన్సిల్ గోడబొమ్మలు

స్టెన్సిల్ గోడబొమ్మ అంటే అచ్చుతో వేసిన వీధి చిత్రం. అట్టలోనో ప్లాస్టిక్ షీటులోనో బొమ్మను ముందుగానే కత్తిరించి పెట్టుకుని, దాన్ని గోడకు ఆనించి, ఖాళీల గుండా స్ప్రే డబ్బాతో రంగు చిమ్ముతారు. ఇది గ్రాఫిటీ కుటుంబంలోదే. అయినా 1970లలో న్యూయార్క్ రైలు పెట్టెల మీద విస్తరించిన మెలికల అక్షరాల సంప్రదాయానికీ దీనికీ తేడా ఉంది. ఆ పద్ధతిలో చేతి నేర్పంతా గోడ దగ్గరే చూపించాలి. స్టెన్సిల్‌లో శ్రమంతా ఇంట్లో బల్ల మీదే అయిపోతుంది, గోడ దగ్గర ఉండాల్సింది నిమిషమో రెండు నిమిషాలో. పోలీసులకు దొరక్కూడదనుకునేవాళ్ళు ఈ పద్ధతిని ఎంచుకోవడానికి ముఖ్య కారణం అదే. అదే బొమ్మను అదే రాత్రి మరో పది వీధుల్లో వేయగలగడం రెండో కారణం.

పని చూడటానికి సులువు, చేయడానికి కాదు. అట్టలో సున్నా కత్తిరిస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది. పడకుండా ఉండాలంటే సున్నాకు రెండు పక్కలా సన్నని పట్టీలు వదలాలి. వీటిని వంతెనలంటారు. గోనె సంచుల మీదా చెక్కపెట్టెల మీదా ముద్రవేసిన అక్షరాలు అక్కడక్కడ తెగినట్టు కనిపించేది ఈ వంతెనల వల్లనే. మనిషి ముఖం కత్తిరించేటప్పుడు కంటిపాపకూ ముక్కుపుటానికీ కూడా ఇదే చిక్కు. నీడలు ఎక్కడ కలుస్తాయో, వెలుగు ఎక్కడ విడిపోతుందో ఆలోచించుకుని, వంతెన వంతెనలా కనిపించకుండా దాన్ని నీడలోనే దాచేవాడు నేర్పరి. రంగులు పెరిగితే ఒక్కో రంగుకు ఒక్కో అట్ట కావాలి. అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి, కాస్త జరిగినా ముఖం చెదిరిపోతుంది. అట్టకూ గోడకూ మధ్య సందు ఉంటే అంచు పొగలా అలుక్కుపోతుంది. ఒకేచోట ఎక్కువసేపు చిమ్మితే రంగు కారిపోతుంది. ఈ కారడాన్నే కొందరు కావాలని వదిలేశారు. తర్వాతి కాలంలో అది ఒక ఫ్యాషన్ కూడా అయింది.

అచ్చుతో రంగు చిమ్మడం ఐరోపాలో లిపి కంటే ఎంతో పాతది. స్పెయిన్‌లోని ఎల్ కాస్తియో గుహలో చేతిని గోడకు ఆనించి చుట్టూ ఎర్రరంగు ఊదిన ముద్రలున్నాయి. 2012లో ప్రకటించిన పరీక్షల ప్రకారం వాటిలో ఒకటి కనీసం 37,000 ఏళ్ళ నాటిది. అక్కడ అచ్చు చెయ్యే, స్ప్రే డబ్బా నోరే. ఆధునిక కాలానికొస్తే, ఫ్రెంచివాళ్ళు పోష్వార్ అని పిలిచే స్టెన్సిల్ పద్ధతి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పారిస్‌లో ఖరీదైన అచ్చుపనిగా వెలిగింది. ఫ్యాషన్ పత్రికల బొమ్మలకు చేత్తో రంగులద్దే కార్ఖానాలు ఉండేవి. చిత్రకారుడు మతీస్ 1947లో తెచ్చిన ‘జాజ్’ పుస్తకంలోని బొమ్మలు ఈ పద్ధతిలోనే అచ్చయ్యాయి. వీధికి కావలసిన రెండో పరికరం వేరే దారిలో వచ్చింది. ఒత్తిడితో ద్రవాన్ని చిమ్మే డబ్బాకు నార్వే ఇంజనీరు ఎరిక్ రోట్‌హైమ్ 1920లలో పేటెంటు తీసుకున్నాడు. అందులో రంగు నింపిన ఘనత అమెరికాలో ఎడ్వర్డ్ సీమూర్‌ది. 1949లో అతను నింపింది ఇంట్లో వెచ్చదనానికి వాడే రేడియేటర్లకు పూసే అల్యూమినియం రంగు.

గోడల మీద స్టెన్సిల్‌ను మొదట విరివిగా వాడినవాళ్ళు తిరుగుబాటుదారులు కారు, ప్రభుత్వాలే. సైన్యం సామాను మీద, రైల్వే పెట్టెల మీద, ‘ప్రవేశం లేదు’ వంటి హెచ్చరికల మీద కనిపించేది ఈ అచ్చు అక్షరమే. ఫాసిస్టు ఇటలీలో ముస్సోలినీ తలను ఊరూరా గోడల మీద అచ్చువేశారు. అదే సాధనం ఎదురు తిరిగిన ఘట్టం 1943 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో కనిపిస్తుంది. నాజీ వ్యతిరేక శ్వేతగులాబి బృందంలోని హాన్స్ షోల్, అలెగ్జాండర్ ష్మోరెల్, విల్లీ గ్రాఫ్ మూడు రాత్రులు నగరం నడిబొడ్డున తిరిగి, హిట్లర్ నశించాలనే నినాదాన్నీ, స్వేచ్ఛ అనే మాటనూ తారు రంగుతో గోడలకెక్కించారు. మొదటి నినాదానికి స్టెన్సిల్ వాడారు. అదే నెల 22న షోల్‌కు మరణశిక్ష అమలైంది, మిగిలిన ఇద్దరికీ ఆ ఏడాది లోపే.

యుద్ధం తర్వాత ఈ దారిలో గుర్తుంచుకోదగ్గ పని 1966లో ఫ్రెంచి చిత్రకారుడు ఎర్నెస్ట్ పిన్యోన్-ఎర్నెస్ట్ చేశాడు. ఫ్రాన్స్ తన అణుక్షిపణులను దాచడానికి దక్షిణాన ఆల్బియోన్ పీఠభూమిని ఎంచుకుంది. జపాన్‌లో అణుబాంబు వెలుగుకు గోడ మీద ముద్రపడిపోయిన మనిషి నీడ ఫొటో నుంచి అతను స్టెన్సిల్ తయారుచేసి, ఆ ప్రాంతపు రాళ్ళ మీదా గోడల మీదా ఆ నీడనే అచ్చువేశాడు. బొమ్మ ఏమిటన్నదే కాదు, ఎక్కడ వేశారన్నది కూడా అర్థంలో భాగమన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల చివర లండన్‌లో క్రాస్ అనే పంక్ సంగీత బృందం భూగర్భ రైలు స్టేషన్లలోని ప్రకటనల మీద యుద్ధ వ్యతిరేక నినాదాలను స్టెన్సిల్‌తో ముద్రించింది.

స్టెన్సిల్ అక్షరాల నుంచి బొమ్మలవైపు తిరిగి వీధికళగా పేరు తెచ్చుకున్నది మాత్రం 1980లలో, పారిస్‌లో. దానికి మూలపురుషుడిగా చెప్పేది బ్లెక్ లె రా అనే పేరుతో పనిచేసిన గ్జావియే ప్రూను. కళాశాలలో చెక్కుడు ముద్రణ, వాస్తుకళ చదువుకున్నవాడు. 1971లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి గ్రాఫిటీ చూశాడు. కానీ పారిస్ పాత గోడలకు ఆ మెలికల అక్షరాలు నప్పవనిపించింది. చిన్నప్పుడు ఇటలీలో చూసిన ముస్సోలినీ స్టెన్సిల్ తల అతనికి గుర్తుంది. నియంత వాడిన సాధనంతోనే 1981లో ఎలుకల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పేరు ‘బ్లెక్’ అనే ఇటాలియన్ కామిక్ వీరుడి నుంచి వచ్చింది. ఎలుకను ఎంచుకోవడంలో ఒక చమత్కారం ఉంది: రోమన్ లిపిలో ఎలుకకూ కళకూ ఉన్నవి అవే మూడు అక్షరాలు, మారేది వాటి వరుసే. నగరంలో ఎవరి అదుపులోనూ ఉండని జీవి అదొక్కటే అనిపించడం వల్ల కూడా అది అతనికి నచ్చింది. ఎలుకల తర్వాత నిలువెత్తు మనుషులు వచ్చారు. గోడ పక్కన నడిచే మనిషికి ఎదురుగా మరో మనిషి నిలబడ్డట్టు కనిపించే ఈ పరిమాణం తర్వాతి తరం స్టెన్సిల్‌కారులకు ఒరవడి అయింది.

బ్లెక్ కథలో ఒక మలుపు ఈ కళ మొత్తానికి వర్తిస్తుంది. 1991లో కరవాజ్జియో చిత్రించిన మేరీమాత, బాలయేసుల బొమ్మను అచ్చువేస్తుండగా అతను పారిస్‌లో పట్టుబడ్డాడు. కేసు తర్వాత గోడ మీద నేరుగా రంగు చిమ్మడం తగ్గించి, ముందే వేసిన కాగితాలను అతికించే పద్ధతికి మారాడు. కాగితం తీసేయడం తేలిక కనుక శిక్ష కూడా తేలిక. అదే ఏడాది జర్మనీలోని లైప్‌జిగ్‌లోనూ అతను మేరీమాత బొమ్మ వేశాడు. పోస్టర్ల పొరల కింద మరుగునపడ్డ ఆ బొమ్మ 2012లో బయటపడింది. ఇప్పుడది అద్దం వెనక, రక్షిత చిహ్నంగా ఉంది.

ఫ్రెంచి తొలితరంలో జెఫ్ ఏరోజోల్ 1982లో తూర్ నగరంలో మొదలుపెట్టాడు. సంగీతకారుల ముఖాలు అతని ప్రత్యేకత, పక్కనే ఉండే ఎర్ర బాణం అతని గుర్తు. 2011లో పారిస్‌లోని పోంపిదూ కళాకేంద్రం పక్కన, పెదవి మీద వేలుంచుకుని నిశ్శబ్దంగా ఉండమంటున్నట్టున్న భారీ ముఖచిత్రం వేశాడు. అది నగరపాలక సంస్థ అనుమతితో వేసింది. 1985లో వీధికెక్కిన మిస్.టిక్ ఆ తరంలో అరుదైన స్త్రీ, పైగా కవయిత్రి. ట్యునీసియా తండ్రికీ నార్మండీ తల్లికీ మాన్‌మార్త్‌లో పుట్టిన రధియా నోవా ఆమె అసలు పేరు. నల్ల దుస్తుల స్త్రీ బొమ్మ, పక్కనే మాటల విరుపుతో ఒకటి రెండు వాక్యాలు, ఇదీ ఆమె పద్ధతి. ఆ వాక్యాలు శ్లేష మీద బతుకుతాయి కనుక వేరే భాషలోకి రావు. ఫ్రాన్స్ బయట ఆమెకు దక్కాల్సినంత పేరు దక్కకపోవడానికి బహుశా ఇదొక కారణం. 1990ల చివర న్యాయస్థానం ఆమెకు 22,000 ఫ్రాంకుల జరిమానా వేసింది. ఆ తర్వాత ఆమె గోడ యజమానుల అనుమతి అడిగి వేసేది. 2011లో ఫ్రెంచి తపాలాశాఖ ఆమె బొమ్మలతో మహిళా దినోత్సవ బిళ్ళలు అచ్చేసింది. 2022 మేలో ఆమె మరణించింది. పారిస్ 13వ వార్డులోని బ్యూత్-ఓ-కాయ్ వీధుల్లో ఆమె బొమ్మలు ఎక్కువగా కనిపిస్తాయి.

జర్మనీలో కొలోన్‌కు చెందిన థామస్ బౌమ్‌గార్టెల్ 1986 నుంచి ఒకే ఒక బొమ్మ వేస్తూ వచ్చాడు: పసుపుపచ్చ అరటిపండు. మంచి మ్యూజియం, మంచి గ్యాలరీ అని తనకు తోచిన చోట గుమ్మం పక్కన అచ్చువేస్తాడు. మొదట్లో కేసులు పెట్టిన సంస్థలే తర్వాత ఆ అరటిపండును గౌరవచిహ్నంగా చూసుకోసాగాయి. బెల్‌గ్రేడ్‌లో పరిస్థితి ఇంత సరదాగా లేదు. 1998లో పుట్టిన ఒత్‌పోర్ విద్యార్థి ఉద్యమం బిగించిన పిడికిలిని సెర్బియా అంతటా అచ్చువేసింది. 2000 అక్టోబరులో పాలకుడు మిలోషెవిచ్ గద్దె దిగేనాటికి ఆ పిడికిలి చూడని ఊరు లేదు. నాయకుడి పేరు లేని ఉద్యమానికి ఒకే అచ్చు గుర్తుగా సరిపోయింది.

ఇంగ్లండులో ఈ కళకు కేంద్రం లండన్ కాదు, బ్రిస్టల్. తర్వాత మాసివ్ అటాక్ సంగీత బృందంతో ప్రసిద్ధుడైన రాబర్ట్ డెల్ నాయా 1980లలోనే అక్కడ స్టెన్సిల్‌ను వాడాడు. అదే ఊరి నుంచి వచ్చిన, అసలు పేరు బయటపెట్టని బ్యాంక్సీ మొదట చేత్తోనే గీసేవాడు. పోలీసుల నుంచి తప్పించుకుని ఒక లారీ కింద దాక్కున్నప్పుడు, దాని అడుగున స్టెన్సిల్‌తో వేసిన అంకెలు చూసి పద్ధతి మార్చానని అతను తన పుస్తకంలో చెప్పుకున్నాడు. కథ మరీ పొందిగ్గా ఉందన్న అనుమానం రావచ్చు. అయినా వేగం కోసమే మారాడన్న మాట మాత్రం నమ్మదగ్గది. బ్లెక్ ప్రభావం అతని ఎలుకల్లోనే కనిపిస్తుంది. అతను అదనంగా తెచ్చింది పత్రికా కార్టూనులోని హాస్యం. ముద్దుపెట్టుకుంటున్న పోలీసులు, పువ్వులు విసిరే ముసుగు యువకుడు, చెయ్యి జారిన బెలూన్ వైపు చూసే పాప, ఇవన్నీ దారినపోయేవాడికి రెండు సెకన్లలో అర్థమయ్యే బొమ్మలు. గోడకున్న పైపు, కిటికీ, నిఘా కెమెరా కూడా అతని బొమ్మలో పాత్రలవుతాయి. ముక్కను ఊడదీసి గ్యాలరీలో పెడితే సగం చచ్చిపోయేది అందుకే.

2006లో బ్రిస్టల్ పార్క్ స్ట్రీట్‌లో, కిటికీ అంచు పట్టుకుని వేలాడుతున్న నగ్న ప్రియుడి బొమ్మ వచ్చినప్పుడు నగరపాలక సంస్థ దాన్ని చెరిపేయాలా వద్దా అని ప్రజలను అడిగింది. 97 శాతం మంది ఉంచమన్నారు. 2009లో నగర మ్యూజియంలో బ్యాంక్సీ ప్రదర్శనకు మూడు లక్షల మందికి పైగా వచ్చారు. అన్నిచోట్లా ఇదే ఆదరణ లేదు. లండన్ ఓల్డ్ స్ట్రీట్‌లో తుపాకులకు బదులు అరటిపళ్ళు పట్టుకున్న సినిమా హంతకుల బొమ్మను 2007లో రవాణా సిబ్బంది సున్నం కొట్టినట్టు మామూలుగా రంగు పూసి కప్పేశారు.

2008 మేలో లండన్ వాటర్లూ స్టేషన్ కింద లీక్ స్ట్రీట్ సొరంగంలో బ్యాంక్సీ స్టెన్సిల్ చిత్రకారుల పండుగ జరిపాడు. రంగు డబ్బానూ ఫ్రాన్స్ సినిమా పండుగనూ కలిపి ‘క్యాన్స్ ఫెస్టివల్’ అని పేరు పెట్టాడు. ఆ సొరంగం ఇప్పటికీ ఎవరైనా గీసుకోదగ్గ చోటే. అక్కడ గుర్తింపు పొందినవారిలో పోర్చుగల్‌కు చెందిన విల్స్ ఒకడు. అచ్చు తర్కాన్ని అతను తిరగేశాడు: రంగు చేర్చడానికి బదులు సుత్తీ ఉలీ పట్టి గోడ సున్నపు పొరలను చెక్కేసి ముఖాలు బయటికి తీస్తాడు. రోమ్‌లో స్టెన్ అండ్ లెక్స్ జంట ఫొటోను సన్నని గీతలుగా మార్చి కత్తిరించి, కత్తిరించిన కాగితాన్నే గోడకు అతికించి రంగువేస్తారు. ఆ కాగితం చిరిగిపోతూ బొమ్మలో భాగమవుతుంది. పారిస్‌ ప్రాంతంలో సీ215 పేరుతో పనిచేసే క్రిస్టియన్ గేమీ తపాలా పెట్టెల మీద ముఖచిత్రాలు వేస్తాడు. నాజీ శిబిరం నుంచి బతికి బయటపడి మంత్రి అయిన సిమోన్ వేల్ ముఖాన్ని పారిస్ 13వ వార్డు పెట్టెల మీద వేస్తే, 2019 ఫిబ్రవరిలో ఎవరో వాటి మీద స్వస్తిక గుర్తులు గీశారు. అతను వాటిని మళ్ళీ బాగుచేశాడు. నార్వేలో డోల్క్ బొమ్మలు హాల్డెన్ జైలు గోడల మీద అధికారుల పిలుపుతోనే చేరాయి.

ఈ బొమ్మల ధర పెరిగాక గోడ ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. 2012లో లండన్ వుడ్ గ్రీన్‌లో బ్యాంక్సీ వేసిన, కుట్టుమిషను ముందు మోకరిల్లిన బాలుడి బొమ్మను మరుసటి ఏడాది గోడతో సహా కోసుకుపోయి మియామీలో వేలానికి పెట్టారు. స్థానికుల నిరసనతో ఆ వేలం ఆగినా, కొద్ది నెలల తర్వాత లండన్‌లోనే అది అమ్ముడైంది. 2015 ఉగ్రదాడిలో 90 మంది చనిపోయిన పారిస్ బాతాక్లాన్ సంగీతశాల తలుపు మీద బ్యాంక్సీ వేసిన శోకమూర్తి బొమ్మను 2019 జనవరిలో తలుపుతో సహా ఎత్తుకుపోయారు. ఏడాదిన్నరకు అది ఇటలీలో దొరికింది. అసలు పేరు బయటపెట్టని చిత్రకారుడికి హక్కులు నిలబెట్టుకోవడం కూడా కష్టమే. పువ్వులు విసిరే యువకుడి బొమ్మకు తీసుకున్న ట్రేడ్‌మార్కును ఐరోపా సమాఖ్య మేధోహక్కుల కార్యాలయం 2020లో రద్దుచేసింది. వాడే ఉద్దేశం లేకుండా దురుద్దేశంతో తీసుకున్నదని కారణం చెప్పింది. బెలూన్ పాప బొమ్మ 2018 అక్టోబరులో లండన్‌లో పది లక్షల పౌండ్లకు పైగా అమ్ముడైన క్షణమే చట్రంలో దాచిన యంత్రంతో సగం ముక్కలైంది. మూడేళ్ళకు ఆ ముక్కలే కోటీ ఎనభై లక్షల పౌండ్లు దాటాయి.

చట్టం మాత్రం పెద్దగా మెత్తబడలేదు. ఇంగ్లండు, వేల్స్‌లలో అనుమతి లేని గోడబొమ్మ 1971 నాటి ఆస్తి విధ్వంస చట్టం కిందికే వస్తుంది. 2003 నాటి మరో చట్టం ప్రకారం 16 ఏళ్ళ లోపు వారికి స్ప్రే రంగు అమ్మడం కూడా నేరం. ఫ్రాన్స్‌లో తేలికపాటి నష్టానికి 3,750 యూరోల వరకు జరిమానా ఉంటుంది. 2025 సెప్టెంబరులో లండన్ హైకోర్టు భవన సముదాయం గోడ మీద, నిరసనకారుణ్ణి సుత్తితో కొడుతున్న న్యాయమూర్తి బొమ్మ బ్యాంక్సీ పేరుతో కనిపించింది. రక్షిత కట్టడం కనుక అధికారులు రెండు రోజుల్లోనే రుద్ది తీసేశారు. రంగు పోయింది గానీ రాయి మీద ఆ ఇద్దరి ఆకారం నీడలా మిగిలింది.