ఆల్విన్ రేకుల మేస్త్రీ చెప్పిన సంగతులు

మన హైదరాబాదులో సర్కారు బస్సు కథ 1932 జూన్‌లో మొదలైంది. నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రారంభమైందని ఏ పుస్తకం తీసినా కనబడుతుంది. 1942లో ఆల్విన్ కంపెనీ పుట్టింది. తరువాతి కాలంలో సనత్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీలో బస్సులకు బాడీలు కట్టారు. మనం ఎక్కి తిరిగిన డబుల్ డెక్కర్లు కూడా అక్కడివే. సంవత్సరాలూ సంఖ్యలూ భద్రంగానే ఉన్నాయి. 34 ఏళ్లు ఫైళ్లు మోసిన నాకు తెలిసిన చరిత్ర కూడా అంతవరకే. రేకు వంచినవాడి పని ఏ ఫైల్లోనూ కనబడలేదు.

మా కాలనీలో ఉండే మేస్త్రీ గారు ఆల్విన్‌లో రేకుల పని చేసి రిటైరయ్యారు. వయసు 87. గత ఏడాదిగా వారానికొకసారి ఆయన చెప్పింది రాసుకుంటున్నాను.

చదునైన రేకు మిషను మీద వంగుతుందట. బస్సు పైకప్పు మూల మాత్రం రెండు వైపులా వంగాలి. ఇసుక నింపిన తోలుసంచి మీద రేకు పెట్టి కొయ్య సుత్తితో కొట్టాలి. కొట్టేకొద్దీ అల్యూమినియం బిరుసెక్కుతుంది. కాల్చి మెత్తబరుద్దామంటే ఇనుములా ఎర్రబడి చెప్పదు, 660 డిగ్రీలకు ఒక్కసారిగా కరిగిపోతుంది. మరెలా?

"బట్టల సబ్బు రుద్దాలి సార్. మంట తగిలి సబ్బు నల్లబడిందా, ఆపెయ్యాలి. అంతే" అన్నారు.

లెక్కలు రాసుకుంటూ బతికిన నేను ఆ రోజు సబ్బుబిళ్లను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను!

రివెట్టుకు ఇద్దరు కావాలి. బయటివాడు కొడితే లోపలివాడు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటాడు. ఒకరికొకరు కనబడరు. రివెట్టు కూర్చోగానే చప్పుడు మారుతుంది, అదే వాళ్ల మాట.

నా నోటుబుక్కులో చాలాచోట్ల "ఇక్కడ చేత్తో చూపారు" అని మాత్రమే ఉంది. అంతకన్నా రాయడం నాకు చేతకాలేదు. ఈమధ్య తోటి పనివాళ్ల పేర్లు ఆయనకు గుర్తుకు రావడం లేదు. చెయ్యి మాత్రం తడబడదు. అందుకని మా మనవడు సెల్‌ఫోనులో ఆ చేతులను వీడియో తీస్తున్నాడు.

మన సభ్యుల కుటుంబాల్లో ఆల్విన్‌లో గాని, ఆర్టీసీ వర్క్‌షాపుల్లో గాని పనిచేసిన పెద్దలుంటే దయచేసి సంఘం ఆఫీసులో చెప్పండి. మేస్త్రీ గారి దగ్గర కూర్చునేది గురువారం ఉదయం. 11 దాటితే ఆయన నిద్రపోతారు.