చెప్పక చేసిన చికిత్స

వైద్యుని తప్పునకు శిక్ష యుండవలెనను మాట పాశ్చాత్యులవలన మనకు వచ్చినదని చదువుకొన్నవారిలో ననేకులు తలంతురు. స్మృతులు విప్పి చూచినచో నీ తలంపు నిలువదు. మనువును, యాజ్ఞవల్క్యుడును తప్పు చికిత్స చేసిన వైద్యునికి దండము విధించినవారే: పశువు విషయమున ప్రథమ సాహసము, మనుష్యుని విషయమున మధ్యమ సాహసము. రోగి రాజపురుషుడైనచో నుత్తమ సాహసమని యాజ్ఞవల్క్యుడు చేర్చెను. రోగి యంతస్తునుబట్టి తప్పు బరువు మారుట మాకు రుచింపలేదు. అయినను పాఠకులీ సంగతిని మనస్సున నుంచుకొందురు గాక.

కౌటిల్యుడు వీరికంటె నిశితముగ చూచెను. ప్రాణాపాయకరమైన చికిత్సను ముందుగ తెలుపక చేయగా రోగి మరణించుట యొక నేరము. చికిత్సలోని దోషముచే మరణించుట వేరొక నేరము. చెప్పకుండుట కొక దండము, చెడజేయుటకు మరియొక దండము. ఎవరికి తెలుపవలెనో యా వాక్యమున లేదు. రాజాధికారులకని కొందరు వ్యాఖ్యానింతురు. కాని సర్కారునకు చెప్పుట యొకటి, రోగికిని వాని తల్లికిని చెప్పుట మరియొకటి. ఈ రెంటి నడుమ నెంత దూరము కలదో చూపు వృత్తాంతములు రెండు మన దేశముననే జరిగినవి: ఒకటి హైదరాబాదున, రెండవది మా టేకులపల్లికి పొరుగున.

1990వ సంవత్సరమున ఇరువదేండ్ల యింజనీరింగు విద్యార్థి యొకడు రొమ్ములోపల గడ్డ కలదని తెలిసి, హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో చేరెను. పరీక్ష నిమిత్తము ముక్క తీయుటకని యనుమతి పొంది, ఆపరేషను బల్లమీద గడ్డనే తీసివైచిరి. వెన్నుపామునకు దెబ్బ తగిలి, యాతని నడుము క్రింది భాగమంతయు చచ్చుబడెను. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో పదునైదున్నర లక్షల రూపాయలిప్పించెను. అది చాలదని యాతడు సుప్రీంకోర్టుకెక్కి, చక్రముల కుర్చీలో కూర్చుండి తన వ్యాజ్యమును తానే వాదించుకొనెను. 2009 మే 14వ తేదీన న్యాయస్థానము కోటి రూపాయలు తీర్పు చెప్పెను. పరీక్షకిచ్చిన యనుమతి గడ్డ తీసివేయుటకు చెల్లదనుట యందలి ముఖ్యాంశములలో నొకటి. పందొమ్మిదేండ్లు పట్టినది; అయినను న్యాయము దొరకినది.

ఆ తీర్పునకు 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మూలము. వైద్యుడు పుచ్చుకొను రుసుమునకు బదులుగ చేయు సేవయు నా చట్టమునకు లోబడునని 1995 నవంబరులో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ధనికులయొద్ద పుచ్చుకొని పేదలకుచితముగ చేయు ఆస్పత్రి రోగులందరకు నా రక్షణ కలదు. ఎల్లరకు నుచితముగనే చేయు ఆస్పత్రి రోగికి మాత్రము లేదు. యాజ్ఞవల్క్యుని రాజపురుషుడిక్కడ జ్ఞప్తికి వచ్చుట లేదా?

ఆ కోటి రూపాయల తీర్పు వెలువడిన కొలది మాసములకే, 2009 జూలైలో, నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో బాలికలకు టీకాలు వేయసాగిరి. గర్భాశయ ముఖమునకు వచ్చు కాన్సరును నివారించు టీకా యది. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్యపరిశోధనా మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును గూడి చేసిన పని. పదిమొదలు పదునాలుగేండ్లవరకు గల బాలికలు సుమారు పదునాలుగు వేలమంది. అందనేకులు ఆశ్రమ పాఠశాలలలోను, వసతిగృహములలోను చదువు గిరిజన బాలికలు. ఇటువంటి పథకమే గుజరాతులోని వడోదరలోను నడచెను. రెండు చోట్లను గలిపి ఏడుగురు బాలికలు మరణింపగా, 2010 ఏప్రిలులో పని నిలిపివేసిరి.

ఇక్కడ న్యాయము తప్పరాదు. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, నీట మునుగుట, పురుగులమందు, మలేరియా మున్నగునవి కారణములుగ చెప్పబడినవి. టీకా మంచిదనియే ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. మా వివాదము మందుతో కాదు, కాగితముతో. ఆంధ్రప్రదేశమున పరిశీలించిన 9,543 అనుమతి పత్రములలో 1,948 వ్రేలిముద్రలు. 2,763 వసతిగృహముల వార్డెన్ల సంతకములు. తల్లిదండ్రుల వ్రాతపూర్వకాధికారము లేకయే బడివారు చేవ్రాలు చేసిరని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన నివేదికలో నిందించెను. మేమును బడివారమే గనుక ఈ వాక్యమును వ్రాయుటకు మా చేయి జంకినది. సర్కారునకు సర్వము తెలియును, తల్లికే తెలియదు.

మరి చట్టము దృష్టిలో నా బాలిక యెవరు? రుసుమీయలేదు గనుక వినియోగదారు కాదు. రోగమే లేదు గనుక రోగి కాదు. ఔషధ ప్రయోగములకు లోనగువారి హక్కులు వేరుగ కలవు గాని, యిది ప్రయోగము కాదు, నిరూపణ పథకము మాత్రమేయని నిర్వాహకుల వాదము. ఆ వాదమును స్థాయీసంఘ మంగీకరింపలేదు. పేరు మార్చినంతనే హక్కు మారిపోవుట మేమెరిగిన వింతలలో నొకటి.

ఉచిత వైద్యము పొందినవారికి సివిలు కోర్టు ద్వారము మూసికొనలేదు. ఔరంగాబాదు ప్రభుత్వాస్పత్రిలో 1963లో కుటుంబనియంత్రణ ఆపరేషను చేసి, కడుపులో తువాలు మరచుటచే నొక స్త్రీ మరణించెను. ఆమె కుటుంబమునకు ప్రభుత్వమే పరిహారమీయవలెనని సుప్రీంకోర్టు 1996లో తేల్చెను. ముప్పదిమూడేండ్లు! మన్యములో కూలికి పోవువా డన్నేండ్లు కోర్టు మెట్లెక్కగలడా? ఔషధ ప్రయోగమువలన హాని పొందినవారికి పరిహారము తప్పనిసరి చేయుచు 2013 జనవరిలో నియమములు వచ్చినవి. 2019లో వాటి స్థానమున నూతన నియమములు వచ్చినవి. భద్రాచలము బాలికల కవి యాలస్యముగ వచ్చిన చుట్టములు.

మా తరగతిలో నింటియొద్ద కోయభాషయో లంబాడీయో మాటాడు పిల్లలు కలరు. వారి తల్లులు బడికి వచ్చినపుడు, పెద్ద తరగతి పిల్ల నొకతెను దుబాసిగ పిలిచి మాటాడుదుము. ఒక దరఖాస్తు చదివి, అర్థము చెప్పి, వారడిగినదానికి బదులు చెప్పునప్పటికి మధ్యాహ్నపు గంట కొట్టుదురు. అంతకుమించి కాలము పట్టదు.