ది థర్డ్ మాన్ చిత్రీకరణ స్థలాలు

ది థర్డ్ మాన్ చిత్రీకరణ స్థలాలు ఆస్ట్రియా దేశ రాజధాని వియన్నా నగరంలో ఉన్నాయి. "ది థర్డ్ మాన్" (మూడవ మనిషి) 1949లో విడుదలైన ఆంగ్ల చలనచిత్రం. దీనిలో కనిపించే వీధులు, కూడళ్ళలో అధిక భాగం ఇన్నెర్ ష్టాట్ అనే ఒకటవ జిల్లాలో, పాత నగరపు హద్దులలోనే ఉన్నందున వాటిని కాలినడకన ఒక పూటలో చూడవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని, నాలుగు దేశాల సైన్యాల ఆధీనంలో ఉన్న వియన్నాను ఈ చిత్రం భద్రపరచినది. ఆనాటి శిథిలాలు నేడు కానరావు. అందువలన ఈ నడక సినీ అభిమానులకు వినోదంగానే కాక, ఆ కాలపు చరిత్రను తెలుసుకొనే సాధనంగా కూడా ఉపయోగపడుతున్నది.

చారిత్రక నేపథ్యం

1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో విలీనం చేసుకొన్నాడు. 1945 మార్చి 12న జరిగిన వైమానిక దాడిలో వియన్నాలోని ప్రసిద్ధ సంగీత నాటకశాల (స్టేట్ ఒపెరా) తగలబడినది. ఏప్రిల్ నెలలో సోవియట్ సేనలు నగరాన్ని స్వాధీనం చేసుకొన్నాయి. ఆ రోజులలోనే సెయింట్ స్టీఫెన్ ప్రధాన దేవాలయం పైకప్పు కూడా కాలిపోయినది.

యుద్ధం ముగిసిన తరువాత నగరాన్ని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ దేశాలు నాలుగు విభాగాలుగా పంచుకొన్నాయి. ఒకటవ జిల్లాను మాత్రం నలుగురూ ఉమ్మడిగా, నెలకొకరు చొప్పున అధ్యక్షత వహించి పాలించారు. నాలుగు దేశాల సైనికులు ఒకే జీపులో గస్తీ తిరిగేవారు. 1955 మే 15న బెల్వెడేర్ భవనంలో జరిగిన ఒడంబడికతో ఆస్ట్రియా తిరిగి స్వతంత్ర దేశమైనది. అదే సంవత్సరం నవంబరులో ఒపెరా పునఃప్రారంభమైనది.

చిత్ర నిర్మాణం

ఈ చిత్రానికి దర్శకుడు కారోల్ రీడ్, రచయిత గ్రాహం గ్రీన్. కథ కోసం గ్రీన్ 1948 ఫిబ్రవరిలో వియన్నా వెళ్ళాడు. అదే సంవత్సరం అక్టోబరు నుండి డిసెంబరు వరకు నగరంలో చిత్రీకరణ జరిగినది. మిగిలిన భాగాలను ఇంగ్లాండులోని స్టూడియోలలో తీశారు. రాత్రి దృశ్యాలలో రాతి బాటలు మెరిసేందుకు వీధులను నీటితో తడిపేవారు. వంపుగా ఉంచిన కెమెరాతో తీసిన దృశ్యాలు ఈ చిత్రపు ప్రత్యేకత. ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్‌కు ఆస్కార్ పురస్కారం లభించినది. వియన్నా వాసి ఆంటన్ కరాస్ జితర్ అనే తంత్రీవాద్యంపై (ఇది మన స్వరమండలాన్ని పోలి ఉంటుంది) వాయించిన సంగీతం ప్రపంచ ప్రసిద్ధి పొందినది.

కథా సంగ్రహం: హోలీ మార్టిన్స్ (జోసెఫ్ కాటన్) అనే అమెరికన్ రచయిత తన మిత్రుడు హారీ లైమ్ (ఆర్సన్ వెల్స్) పిలుపుపై వియన్నా వస్తాడు. వచ్చేసరికి మిత్రుడు కారు ప్రమాదంలో మరణించాడని చెబుతారు. ప్రమాద సమయంలో శవాన్ని మోసినవారు ఇద్దరా, ముగ్గురా అన్న ప్రశ్నే చిత్రానికి పేరైనది. లైమ్ చావలేదని, పలుచన చేసిన పెన్సిలిన్ మందును దొంగచాటుగా అమ్ముతున్నాడని, ఆ మందు వలన పిల్లలు బలి అయ్యారని తెలిసిన మార్టిన్స్ స్నేహానికి, న్యాయానికి మధ్య నలిగిపోతాడు. ఆసుపత్రి దృశ్యంలో ఆ పిల్లలను దర్శకుడు ఒక్కసారి కూడా చూపలేదు. వారిని చూస్తున్న పెద్దల ముఖాలను మాత్రమే చూపాడు.

నడక మార్గం

హోటల్ సాకర్: ఒపెరా భవనం వెనుక ఉన్నది. ఆక్రమణ కాలంలో ఇది బ్రిటిష్ సైనికాధికారుల ఆధీనంలో ఉండేది. చిత్రంలో మార్టిన్స్ బస చేసినది ఇక్కడే.

నోయెర్ మార్క్ట్: హోటల్‌కు సమీపంలోని కూడలి. చిత్రంలోని "కెఫే మోత్సార్ట్" దృశ్యం కోసం ఇక్కడ ఒక కాఫీ హోటల్‌ను సెట్టింగుగా ఏర్పాటు చేశారు. అదే పేరు గల అసలు కాఫీ హోటల్ ఒపెరా వెనుక ఉన్నది.

యోసెఫ్స్‌ప్లాట్స్: చక్రవర్తి రెండవ యోసెఫ్ అశ్వారూఢ విగ్రహం గల కూడలి. దీనికి ఎదురుగా ఉన్న పల్లవిచీని భవనాన్ని హారీ లైమ్ నివాసంగా చూపారు. ద్వారానికి ఇరువైపుల ఉన్న స్త్రీమూర్తుల స్తంభాలను బట్టి భవనాన్ని వెంటనే గుర్తుపట్టవచ్చును. "ప్రమాదం" జరిగినట్లు చెప్పబడిన చోటు ఈ ద్వారం ముందరి వీధియే. కావలివాని పాత్రధారి పాల్ హోర్బిగెర్‌కు ఆంగ్లం రాదు. ఆయన తన ఆంగ్ల సంభాషణలను ధ్వనులుగా కంఠస్థం చేసి చెప్పాడు.

ష్రైఫోగెల్‌గాసె 8: ఒకటవ జిల్లా పడమటి అంచున, పాత కోటగోడలో మిగిలిన మోల్కెర్ బాస్టై పక్కన ఉన్నది. చీకటి గుమ్మంలో నిలుచున్న వ్యక్తి పాదాల వద్దకు పిల్లి చేరడం, ఎదుటి కిటికీలో దీపం వెలగడంతో లైమ్ ముఖం బయటపడడం చిత్రంలో అతి ప్రసిద్ధమైన ఘట్టం. గుమ్మం నేటికీ ఉన్నది. ఇది నివాస గృహం కనుక బయటి నుండి మాత్రమే చూడాలి. సమీపంలో, గోడ పైభాగాన సంగీత విద్వాంసుడు బీథోవెన్ నివసించిన పాస్కలాటి గృహం ఉన్నది.

ఆమ్ హోఫ్: లైమ్ అదృశ్యమయ్యే కూడలి. ఇక్కడి ప్రకటనల స్తంభంలోని తలుపు గుండా అతడు భూగర్భ కాలువలలోకి దిగినట్లు చూపారు. ఆ స్తంభం చిత్రం కోసం అమర్చినది. నేడు అది అక్కడ లేదు.

మరియా ఆమ్ గెష్టాడె: ఇరుకైన, ఎత్తైన గోతిక్ శైలి చర్చి. దీని ప్రక్కన గల మెట్లను వెంటాడే దృశ్యాలలో ఉపయోగించారు.

హోహెర్ మార్క్ట్: చివరి ఘట్టంలో లైమ్ కోసం పోలీసులు పొంచి ఉండే కూడలి. చిత్రంలో చుట్టూ కనిపించే ఇటుకల గుట్టలు, సగం కూలిన ఇళ్ళు సెట్టింగులు కావు. నేడు ఆ స్థానంలో యుద్ధానంతర భవనాలు వరుసగా ఉన్నాయి. చిత్రానికి, నేటి నగరానికి గల అంతరం స్పష్టంగా తెలిసే చోటు ఇది.

నడక పరిధికి వెలుపలి స్థలాలు

భూగర్భ కాలువలు: కార్ల్స్‌ప్లాట్స్ ప్రాంతంలో వియన్ అనే చిన్న నది భూమి క్రిందుగా ప్రవహిస్తుంది. లైమ్‌ను తరిమే దృశ్యాలలో కొన్నింటిని నిజమైన కాలువలలోను, మరికొన్నింటిని ఇంగ్లాండులో వేసిన సెట్టింగులలోను తీశారు. భూమిపైన నాలుగు సరిహద్దులున్నా భూమి క్రింద అవి లేకపోవడమే కథలో నేరస్థునికి కలిసివచ్చిన అంశం. ఇక్కడ నగర మురుగునీటి విభాగం మార్గదర్శకుల సాయంతో యాత్రలు నిర్వహిస్తూ వచ్చినది.

ప్రాటెర్ రంగులరాట్నం: రైసెన్‌రాట్ అని పిలువబడే ఈ జెయింట్ వీల్ 1897లో నిర్మించబడినది. ఎత్తు 64.75 మీటర్లు. 1944లో దగ్ధమై, 1947లో పునరుద్ధరించబడినది. పూర్వం 30 పెట్టెలుండగా, పునరుద్ధరణలో 15 మాత్రమే అమర్చారు. ఆనాడు ఈ ప్రాంతం సోవియట్ విభాగంలో ఉండేది. లైమ్ తన మిత్రునికి క్రింద చుక్కలవలె కనిపించే మనుషులను చూపి, అందులో ఒక చుక్క కదలడం ఆగిపోతే నిజంగా బాధపడతావా అన్న అర్థంలో ప్రశ్నించేది ఇక్కడే.

కేంద్ర శ్మశానవాటిక (త్సెంట్రాల్‌ఫ్రీడ్‌హోఫ్): 1874లో ప్రారంభమైనది. 71వ నంబరు ట్రాము ఇక్కడికి వెళుతుంది. చిత్రం ఆరంభంలోను, ముగింపులోను లైమ్ అంత్యక్రియలు ఇక్కడే జరుగుతాయి. చివరి దృశ్యంలో లైమ్ ప్రియురాలు ఆనా (అలీడా వల్లి) పొడవైన చెట్లబాట వెంట నడచి వచ్చి, ఎదురుచూస్తున్న మార్టిన్స్‌ను కన్నెత్తి చూడకుండా సాగిపోతుంది. గ్రీన్ సుఖాంతం కోరగా, రీడ్ అంగీకరించలేదు. రీడ్ నిర్ణయమే సరైనదని గ్రీన్ తరువాత ఒప్పుకొన్నాడు.

చిత్రంలోని నగరం, నిజమైన నగరం

కాలినడకన తిరిగినవారికి మాత్రమే తెలిసే విషయమొకటి ఉన్నది. చిత్రంలోని మార్గాలు నగరపటంతో సరిపోవు. లైమ్ గుమ్మం నుండి పరుగెత్తి కొద్ది క్షణాలలో ఆమ్ హోఫ్ చేరినట్లు కనిపిస్తుంది. నిజానికి ఈ రెంటి మధ్య దూరం సుమారు అర కిలోమీటరు. లైమ్ చిరునామాగా కథలో చెప్పిన ష్టిఫ్ట్‌గాసె ఏడవ జిల్లాలోని వీధి. చూపిన భవనం మాత్రం ఒకటవ జిల్లాలోనిది. విడివిడి స్థలాలను కూర్పులో కలిపి చిత్ర బృందం మరొక వియన్నాను నిర్మించినది. అయితే కలిపిన తీరు కల్పితమైనా, కలిపిన శిథిలాలు వాస్తవమైనవి. చరిత్ర విద్యార్థులు ఈ రెంటిని వేరుచేసి చూడవలసి ఉంటుంది.

మ్యూజియం, ప్రదర్శనలు

ఈ చిత్రానికి ప్రత్యేకించిన ప్రైవేటు మ్యూజియం 2005లో నాలుగవ జిల్లాలోని ప్రెస్‌గాసెలో ప్రారంభమైనది. చిత్రానికి సంబంధించిన వస్తువులతో పాటు, 1945-55 మధ్య నగర జీవితాన్ని తెలిపే పత్రాలు, ఛాయాచిత్రాలు ఇందులో ఉన్నాయి. ఒపెరాకు సమీపంలోని బుర్గ్ కీనో అనే సినిమా హాలు ఈ చిత్రాన్ని దశాబ్దాలుగా ఆంగ్లంలోనే ప్రదర్శిస్తూ వచ్చినది. నడకకు ముందు చిత్రాన్ని చూసినవారికి స్థలాలను గుర్తించడం సులభం.

ఇతర చిత్రాలు, ధారావాహికలు

వియన్నాలో చిత్రించిన ఇతర చిత్రాలలో జేమ్స్ బాండ్ చిత్రం "ది లివింగ్ డేలైట్స్" (1987), రిచర్డ్ లింక్లేటర్ దర్శకత్వంలోని "బిఫోర్ సన్‌రైజ్" (1995) ముఖ్యమైనవి. రెండింటిలోను ప్రాటెర్ రంగులరాట్నం కనిపిస్తుంది. రెండవ చిత్రంలో ఒక యువజంట రాత్రంతా ఇదే నగరంలో నడుస్తూ గడుపుతుంది. పోలీసు కుక్క ప్రధాన పాత్రగా 1994లో ప్రారంభమైన "కొమ్మిస్సార్ రెక్స్" టెలివిజన్ ధారావాహిక కూడా వియన్నా వీధులలో చిత్రించబడినది. వీటిలో కనిపించేది పునర్నిర్మితమైన నగరం. దానికి ముందరి నగరాన్ని చూడదలచినవారు "ది థర్డ్ మాన్" చిత్రాన్నే ఆశ్రయించవలసి ఉంటుంది.