బలరేఖల లెక్క: విద్యుత్ అభివాహం కథ



భివండీలో పదవ తరగతి దాకా తెలుగులో చదివిన మన పిల్లలు, పదకొండవ తరగతి భౌతికశాస్త్రంలో 'ఎలక్ట్రిక్ ఫ్లక్స్' అన్న మాట వినగానే బెదరిపోతారు. దానికి మన పేరు విద్యుత్ అభివాహం. అది పుట్టిన చరిత్ర తెలిస్తే ఆ బెదురు చాలావరకు తీరుతుంది.

రెండు ఆవేశాల నడుమ బలం దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని 1785లో కూలుంబ్ ప్రయోగంతో చూపాడు. ఆ నడుమనున్న ఖాళీ చోటుకు బొమ్మ కట్టినవాడు మైకేల్ ఫారడే. ఆయన కమ్మరి కుమారుడు. లండన్‌లో పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో ఏడేళ్లు శిష్యరికం చేశాడు. ఉన్నత గణితం చదువుకోలేదు. ఆవేశం నుండి బలరేఖలు వెలువడుతున్నట్లు ఊహించాడు. 1855–56లో మాక్స్‌వెల్ ఆ ఊహకు గణితరూపమిచ్చాడు. ఆవేశాన్ని చుట్టి మూసిన తలం గుండా పోయే మొత్తం అభివాహం, ఆవేశాన్ని ఎప్సిలాన్ నాట్‌తో భాగించినంత అనే సూత్రాన్ని గౌస్ 1835లోనే రాసుకున్నాడు. అది అచ్చయినది 1867లో, ఆయన మరణానంతరం.

మన సాంచా మీది పడుగును తలచుకోండి. వెడల్పుగా పరచితే పోగులు పలుచబడతాయి. వాటి సంఖ్య మారదు. బలరేఖలూ అంతే. తలాన్ని దాటే రేఖల లెక్కే అభివాహం.

ఒక బిందు ఆవేశం ముందు అంతులేని సమతలం ఉన్నదనుకోండి. సగం రేఖలు దానిని దాటుతాయి, సగం అవతలి దిక్కుకు పోతాయి. తలం దగ్గరున్నా దూరమున్నా సగమే. ఇక చదరపు తలం మధ్యబిందువుకు ఎదురుగా, భుజంలో సగం దూరాన ఆవేశమున్నదా? అటువంటి ఆరు చదరాలు కలిపితే ఆవేశాన్ని చుట్టిన పెట్టె అవుతుంది. కనుక ఒక్క చదరం వాటా 1/6.

ఆవేశాలు అనేకమైతే ఒక్కొక్కదాని వాటా కట్టి, గుర్తులతో కూడాలి. అంతులేని తలానికి ఇరువైపులా సమానమైన ధనావేశాలుంటే వాటి రేఖలు ఎదురెదురుగా దాటుతాయి, ఫలితం సున్న. ఒకటి ధనం, మరొకటి అంతే ఋణమైతే రెండు సగాలూ కలిసి పూర్తి వాటా అవుతుంది.

ఇందులో సమాకలనం ఎక్కడా రాలేదని గమనించండి. తల్లిదండ్రులారా, ఆంగ్లం రాలేదన్న కారణంతో పిల్లవానికి విజ్ఞానశాఖ మాన్పించకండి. ఉపాధ్యాయులారా, ముందు తెలుగులో బొమ్మ గీయించండి, తరువాత ఆంగ్లపదం చెప్పండి. ఫారడే తరువాత మాక్స్‌వెల్ వచ్చినట్లే, బొమ్మ తరువాత సూత్రం వస్తుంది.