పద ఎంపిక

మాట్లాడేటప్పుడు, చెప్పదలచుకున్న భావానికి సరిపోయే పదాన్ని మనసు తన దగ్గరున్న వేల పదాల్లోంచి పట్టుకునే ప్రక్రియను మనోభాషాశాస్త్రం పద ఎంపిక అంటుంది. మామూలు సంభాషణలో సెకనుకు రెండు మూడు మాటలు దొర్లుతాయి. తప్పు మాట పడేది వెయ్యికి ఒకటి దాకా మాత్రమేనని అంచనా.

హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతంలో ఈ ఎంపిక బయటికే వినిపిస్తుంది. సరూర్‌నగర్ రైతు బజార్‌లో ఒకే గుట్ట ముందు నిలబడి నల్లగొండ నుంచి వచ్చినామె ఆలుగడ్డ అడుగుతుంది, గుంటూరామె బంగాళాదుంప అంటుంది, మలక్‌పేట ఆయన ఆలూ అంటాడు, కోచింగ్ సెంటర్ కుర్రాడు పొటాటో అంటాడు. అమ్మే మనిషికి నాలుగూ తెలుసు. మనిషిని చూసి మాట మారుస్తాడు. ఈ రంగంలో సిద్ధాంతాలు చాలావరకు ఒకే భాషలో బొమ్మలకు పేర్లు చెప్పిన విద్యార్థుల మీద కట్టినవి. వాటికి అసలు పరీక్ష ఇలాంటి బజార్లలోనే ఉంది.

మాట పుట్టుక గురించిన ఆలోచన మన దగ్గర పాతదే. చెప్పాలన్న కోరిక మనసును కదిలిస్తుందని, అక్కణ్ణుంచి అగ్ని, వాయువుల మీదుగా ధ్వని వెలువడుతుందని పాణినీయ శిక్ష అనే ఉచ్చారణ గ్రంథం వర్ణించింది. వ్యాకరణవేత్త భర్తృహరి పశ్యంతి, మధ్యమ, వైఖరి అని వాక్కుకు మూడు దశలు చెప్పాడు. వీటిని నేటి నమూనాలతో సరిపోల్చే ఉత్సాహం కొందరిలో ఉంది గానీ, భర్తృహరి అడిగిన ప్రశ్న వేరు. పదాల మధ్య పోటీలో ఒక పదమే ఎందుకు నెగ్గుతుందన్నది 19వ శతాబ్దం చివర్లో మొదలైన విచారణ.

1886లో మనస్తత్వవేత్త జేమ్స్ కాటెల్ ఒక చిన్న విషయం గమనించాడు: పదాన్ని చదవడం కన్నా, అదే వస్తువు బొమ్మ చూసి పేరు చెప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది. 1895లో వియన్నాలో భాషావేత్త రుడాల్ఫ్ మెరింగర్, వైద్యుడు కార్ల్ మాయర్ కలిసి నోటి తడబాట్లను పోగేసి పుస్తకంగా వేశారు. 1901లో ఫ్రాయిడ్ ఆ తడబాట్లకు అణచిపెట్టుకున్న కోరికలను కారణంగా చూపి వాటిని లోక ప్రసిద్ధం చేశాడు. శాస్త్రానికి ఎక్కువ పనికొచ్చింది మాత్రం మెరింగర్ ఓపిగ్గా కూర్చిన జాబితాయే.

1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అరుదైన పదాల నిర్వచనాలు చదివి వినిపించి పదం అడిగారు. నోట్లోనే ఆడుతోంది గానీ రావడం లేదన్న వాళ్లు కూడా చాలాసార్లు మొదటి అక్షరం, ఎన్ని అక్షరాల మాటో చెప్పగలిగారు. అర్థం దొరికింది, ధ్వని పూర్తిగా దొరకలేదు. అంటే ఇవి రెండు వేర్వేరు పనులన్నమాట. 1971లో విక్టోరియా ఫ్రామ్‌కిన్, 1975లో మెరిల్ గారెట్ తడబాట్లలోనూ క్రమం ఉందని చూపారు. మన మాటల్లో చెప్పుకుంటే, ‘కిటికీ వెయ్యి’ అనబోయి ‘తలుపు వెయ్యి’ అంటాం. కిటికీ స్థానంలోకి ‘తెరువు’ వచ్చిపడదు. నామవాచకం చోటికి నామవాచకమే వస్తుంది.

తర్వాత వాదం రెండు పాయలైంది. అర్థం, ధ్వని ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయని 1986లో గ్యారీ డెల్ అన్నాడు. నెదర్లాండ్స్‌లో నైమెగెన్‌కు చెందిన విలెమ్ లెవెల్ట్, సహచరులు 1999లో ముందు పదం ఎంపిక, ఆ తర్వాతే దాని ధ్వని అని గట్టిగా చెప్పారు. బొమ్మ కనబడ్డాక సుమారు 175 నుంచి 250 మిల్లీసెకన్ల మధ్య ఎంపిక జరుగుతుందని, 600 దగ్గర నోరు కదులుతుందని 2004లో ఇండెఫ్రే, లెవెల్ట్ లెక్కగట్టారు.

పర్యాయపదాలు ఈ క్రమాన్ని కాస్త ఇరుకున పెట్టాయి. 1998లో పీటర్సన్, సవోయ్ సోఫా బొమ్మ చూపారు. దాన్ని ‘కౌచ్’ అనడానికి సిద్ధపడుతున్నవాళ్ల ముందు ‘సోడా’ అన్న పదం పెడితే దాన్ని త్వరగా చదివారు. పైకి రాని ‘సోఫా’ ధ్వని కూడా లోపల మేల్కొన్నదన్నమాట. ఆ లెక్కన బంగాళాదుంప అన్నవాడి నోటి వెనక ఆలుగడ్డ కూడా సగం దాకా వచ్చి ఆగి ఉండాలి.

రెండు భాషల వాళ్ల మీద పరిశోధన ఆ పక్కనే పెరిగింది. అక్కర్లేని భాషను మనసు అణచి ఉంచుతుందని 1998లో డేవిడ్ గ్రీన్ ప్రతిపాదించాడు. బాగా వచ్చిన భాషలోకి తిరిగి మారడానికే ఎక్కువ సమయం పడుతుందని మరుసటి ఏడాది మ్యూటర్, ఆల్‌పోర్ట్ చూపారు. బలమైన భాషను అణచడానికి ఎక్కువ శ్రమ పడినందున, విడిపించడానికీ అంతే పడుతుందని దానికి వివరణ.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కీర్తన కాపిలె, రమేశ్ కుమార్ మిశ్రా తెలుగు–ఇంగ్లిష్ మాట్లాడేవారితో చేసిన ప్రయోగాలు 2019లో వెలువడ్డాయి. బొమ్మ పేరును ఏ భాషలో చెప్పాలన్నది వాళ్ల ఇష్టానికే వదిలేశారు. ఎదుట వినేవాడిగా చూపిన పాత్రకు ఇంగ్లిష్ ఎంత వచ్చో తెలిసినప్పుడు ఎంపిక దాన్నిబట్టి మొగ్గింది. రైతు బజార్ వ్యాపారి రోజంతా చేసే పని ఇదే.

అప్పట్లో హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యురాలైన సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్, దుగ్గిరాల వసంత తదితరులు 2013లో 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్తుల వివరాలు ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ తేడా కనిపించింది. పదే పదే భాష ఎంచుకునే వ్యాయామమే కారణమా అన్నదానిపై వాదం సాగుతూనే ఉంది. అదే బృందం 2016లో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించినప్పుడు, ఆలోచనా శక్తి చెక్కుచెదరనివారు రెండు భాషల వాళ్లలో 40.5 శాతం, ఒకే భాష వాళ్లలో 19.6 శాతం. మాట పోవడంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా రాలేదు. భాషల మధ్య ఎంచుకునే నేర్పు ఏకాగ్రతను కాపాడినా, పదాన్ని దాని ధ్వనితో కలిపే మెదడు భాగం దెబ్బతింటే అక్కరకు రాదేమోనని ఈ ఫలితాన్ని చూస్తే అనిపిస్తుంది.