చాక్లెట్ కంపెనీకి ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది?

1901లో ఇంగ్లండ్‌లోని కాడ్‌బరీ కంపెనీకి ఒక కోకో తోట అమ్మకం కాగితం అందింది. తోట ఉన్నది ఆఫ్రికా పడమటి తీరానికి ఆవల, పోర్చుగల్ ఏలుబడిలో ఉన్న సావో టోమే దీవిలో. ఆస్తుల జాబితాలో ఒక వరుస ఇలా ఉంది: నల్ల కూలీలు 200 మంది, విలువ 3,555 పౌండ్లు. సంతలో గొడ్లకు ధర కట్టినట్టే.

కాడ్‌బరీ వాళ్లు దుర్మార్గులని పేరున్నవాళ్లేం కాదు. బానిసత్వం మీద పోరాడిన క్వేకర్ల శాఖవాళ్లు. బోర్న్‌విల్‌లో ఫ్యాక్టరీ దగ్గరే చక్కటి ఇళ్లు, ఆట స్థలాలు ఏర్పాటు చేశారు. 1906లో పింఛను కూడా పెట్టారు. కానీ వాళ్లు కొనే కోకోలో దాదాపు సగం ఆ దీవిదే.

అక్కడి కూలీలు ఎక్కువమంది అంగోలా లోపలి ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. సంకెళ్లతో తీరందాకా నడిపించేవాళ్లు. రేవులో ఒక అధికారి ముందు నిలబెట్టి, ఇష్టపడే వెళ్తున్నారని రాసుకుని, 5 ఏళ్ల ఒప్పందం కాగితం, నంబరు వేసిన రేకు బిళ్ళ ఇచ్చేవాళ్లు. గడువు అయిపోతే ఒప్పందం దానంతటదే మళ్లీ మొదలు. అంగోలాకు తిరిగొచ్చినవాళ్లు లేరు.

ఒప్పందం పేరుతో కట్టేయడం మనకూ కొత్త కాదు. గంజాం, విశాఖ జిల్లాల నుంచి సవరలు, ఇతర ఆదివాసులు అస్సాం టీ తోటలకు వెళ్లిన కాలంలో, పని మధ్యలో వదిలేస్తే జైలే. 1859 చట్టం అలా ఉండేది. 1925 దాకా దాన్ని తీసేయలేదు.

సరే, కాడ్‌బరీ ఏం చేసింది? విలియం కాడ్‌బరీ 1903లో లిస్బన్ వెళ్లి అడిగాడు. కొత్త చట్టం వచ్చింది, అన్నీ సర్దుకుంటాయి అన్నారు తోటల యజమానులు. కంపెనీ జోసెఫ్ బర్ట్ అనే ఆయన్ని విచారణకు పంపింది. ఆయన ముందు పోర్చుగీసు నేర్చుకుని 1905లో వెళ్లి, 1907లో తిరిగొచ్చాడు. ఈలోగా హెన్రీ నెవిన్సన్ అనే విలేఖరి అంగోలా వెళ్లి, దారి పొడవునా పడేసిన సంకెళ్లు చూసి, 1906లో పుస్తకమే వేశాడు. కొంటూ ఉంటేనే మన మాట వింటారు అన్నది కంపెనీ వాదన. ఈ మాట ఈనాటి కంపెనీలూ అంటాయి. కొనడం మాత్రం ఆగలేదు.

1908లో ఒక లండన్ పత్రిక కడిగేసింది. 1909 మార్చిలో కాడ్‌బరీ, ఫ్రై, రౌంట్రీ కంపెనీలు ఆ దీవి కోకో కొనం అని ప్రకటించాయి. ఏడాది చివర పరువు నష్టం కేసులో కాడ్‌బరీయే గెలిచింది. పరిహారం? ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో పావు వంతు! అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉండదు. అయినా ఆ కేసు కంపెనీ పరువు కోసం వేసింది, కూలీల కోసం కాదు.

బహిష్కరణ తర్వాత కొందరు కూలీల్ని ఇళ్లకు పంపడం మొదలైంది. కానీ వేరే దేశాల వాళ్లు కొంటూనే ఉన్నారు, తోటలు మూతపడలేదు.

కాడ్‌బరీ గోల్డ్ కోస్ట్‌కు మారింది, ఇప్పటి ఘనా. అక్కడ కోకో వేసింది ఆఫ్రికా రైతులే, వాళ్ల పొలాల్లో. మన 1/70 చట్టం విలువ తెలిసినవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. 1937లో కాడ్‌బరీతో సహా యూరప్ కంపెనీలు కూడబలుక్కుని కోకో ధర తొక్కాలని చూశాయి. రైతులు గింజలు అమ్మడం ఆపేశారు. విచారణ సంఘం వచ్చింది, కంపెనీలు తమ ఒప్పందాన్ని పక్కన పెట్టాయి. 1938 ఏప్రిల్‌కల్లా, అంటే ఆరు నెలల్లో.