ఛార్జర్‌కి బుర్ర ఎందుకు కావాల్సొచ్చింది?

కిందటేడు మందు కొట్టే పంపులో సీసం బ్యాటరీ తీసేసి, చవగ్గా వచ్చిందని రక్షణ బోర్డు లేని మూడు సెల్లుల లిథియం ప్యాక్ వేశాను. పాత ఛార్జరే తగిలించి పడుకున్నా. నడిరాత్రి వాసనకి లేచి చూస్తే ప్యాక్ చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. అదే గదిలో పత్తి పోసి ఉంది. తీగ పీకి, ప్యాక్‌ని బయట పడేశాను. ఆ తర్వాత కూర్చుని ఈ ఛార్జర్ల చరిత్ర చదివాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నా.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం బ్యాటరీ చేశాడు. మళ్ళీ మళ్ళీ ఛార్జ్ చేసుకోగల మొదటి బ్యాటరీ అదే. మన ట్రాక్టరుది నేటికీ ఆ జాతే. 2 వోల్టుల సెల్లులు ఆరు వరసగా కలిపితే 12. దానికి ఓర్పు ఎక్కువ. ఒక సెల్లు ముందే నిండితే, అదనంగా వచ్చే కరెంటు అందులోని నీళ్ళని వాయువుగా మార్చి పోతుంది. ఈలోగా వెనకబడ్డ సెల్లు అందుకుంటుంది. మనం డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరి. అందుకే వందేళ్ళ పైన మొద్దు ఛార్జర్లతోనే పని జరిగిపోయింది.

1991లో జపాన్ కంపెనీ సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. దానికి దారి వేసిన విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినోలకు 2019లో నోబెల్ ఇచ్చారు. బరువు తక్కువ, బలం ఎక్కువ. ఓర్పు మాత్రం లేదు. మామూలు రకం సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. దాటితే చెడుతుంది, ముదిరితే అంటుకుంటుంది. మూడు సెల్లులకి 12.6 దాటకూడదు. నా పాత ఛార్జరేమో 14.4 దాకా ఎక్కించేది.

మరి 12.6 ఛార్జర్ కొంటే చాలా? చాలదు. లెక్క చూడండి: 4.4, 4.1, 4.1. కలిపితే 12.6. బయట నుంచి చూసే ఛార్జర్‌కి అంతా బాగున్నట్టే. లోపల ఒకటి ప్రమాదంలో ఉంది. తూము దగ్గర నిలబడితే ఏ మడి గట్టు తెగిందో తెలుస్తుందా? మడి మడికీ వెళ్ళి చూడాలి.

ఆ చూసే పని మైక్రోకంట్రోలర్‌ది. 1970లలో పుట్టిన చిప్పు ఇది. 2005లో ఇటలీలో ఆర్డుయినో బోర్డు వచ్చాక మనలాంటివాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని దానికి పని నేర్పగలుగుతున్నారు. ప్రతి సెల్లు కొస నుంచి ఒక సన్న తీగ బోర్డుకి వెళ్తుంది. అది ఒక్కో సెల్లు వోల్టేజీ చదువుతుంది. ముందు నిండిన సెల్లుకి ఒక రెసిస్టర్ కలిపి, అదనాన్ని వేడిగా వదిలేస్తుంది. ఈలోగా మిగతావి అందుకుంటాయి. ప్యాక్ వేడెక్కితే ఛార్జింగ్ ఆపేస్తుంది. సీసం బ్యాటరీలో నీళ్ళు చేసిన పని ఇక్కడ లెక్క చేస్తోంది.

నేనూ ఒకటి తయారు చేసుకున్నా. ప్రోగ్రాం తప్పితే అదీ ప్రమాదమే గనక, ప్యాక్‌కి రక్షణ బోర్డు వేరే పెట్టా. ఛార్జింగ్ వసారాలోనే, నేను మెలకువగా ఉన్నప్పుడే.

పంపుకి లిథియం మార్చేవాళ్ళు ఒక్కటి అడిగి కొనండి: ఈ ఛార్జర్ మొత్తాన్ని చూస్తుందా, ఒక్కో సెల్లునీ చూస్తుందా?